నాంపల్లి తోటలో మొదటి ఆదివారం

గ్రిల్ గేటు తాళంచెవి బుచ్చిబాబు లాల్చీ జేబులో ఉంది. ఆయన గేటుకు అడ్డంగా కుర్చీ వేసుకుని, ముఖానికి పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపైనా పేజీ తిప్పలేదు.

లహరి కూతురి బూట్లు చేత్తో పట్టుకుని ఆయన ఎదురుగా నిలబడింది.

"నాన్నా, తాళం తీయండి."

"తీయను."

"పదింటికల్లా పబ్లిక్ గార్డెన్స్‌లో ఉండాలి."

"ఉండక్కర్లేదు. పిల్లకు జ్వరం వచ్చిందని ఫోన్ చేసి చెప్పు. ఆ లాయరమ్మతో కావాలంటే నేను మాట్లాడతాను."

"పిల్లకు జ్వరం లేదు."

"లేదని ఎవరికి తెలుసు? ఎవరొచ్చి చెయ్యి పట్టుకుని చూస్తారు?"

లోపలి గదిలో కోటేశ్వరమ్మ మనవరాలికి జడలు వేస్తూ ఏదో చెబుతోంది. హాసిని నవ్వుతోంది. ఏడేళ్ళ పిల్లకు తోటకు వెళ్తున్నామని తెలుసు. ఎవరిని చూడటానికో తెలియదు.

"ఇవాళ ఆగితే వచ్చే నెల కూడా ఇలాగే ఆగాలి. ఆ తర్వాత నెల కూడా" అంది లహరి. "కోర్టులో నిలబడి సరేనని నా నోటితో అన్నాను నాన్నా. నెలకో ఆదివారం, రెండు గంటలు, నా ఎదురుగానే. అంతేగా."

"ఆ పెద్ద కుర్చీలో కూర్చున్నావిడ అడిగింది, నువ్వు భయపడి తలూపావు."

"భయపడలేదు. ఆలోచించుకునే ఒప్పుకున్నాను."

బుచ్చిబాబు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. అబిడ్స్‌లో కళ్ళద్దాల దుకాణం నడిపిన మనిషి. ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూడటం ఆయనకు అలవాటు. ఇప్పుడు మాత్రం కూతురి చేతిలోని బూట్లకేసి చూస్తున్నాడు.

"ఆ రోజు దవాఖానలో నువ్వు స్పృహ తప్పి పడిపోయావు. నీకేం తెలుసు? పిల్ల చెయ్యి కట్టెపుల్లలా వేలాడుతుంటే స్ట్రెచర్ పక్కన నడిచింది నేను. ఏడవను కూడా ఏడవలేదది. తాతయ్యా, డాడీ బండి పాడైందా అని అడిగింది." ఆయన పేపరును ఇంకో మడత పెట్టాడు. "ఏడాదిన్నర అయింది. ఇప్పటికీ నేను చాదర్‌ఘాట్ బ్రిడ్జి ఎక్కడం లేదు. మలక్‌పేటలో పనుంటే చుట్టూ తిరిగి వెళ్తున్నాను. అలాంటిది నువ్వు దాన్ని తీసుకెళ్ళి వాడి ముందు నిలబెడతానంటావు."

"నేనతన్ని క్షమించి వెళ్ళడం లేదు."

"మరి ఎందుకు?"

"దానికి తండ్రి ఉన్నాడు కాబట్టి."

"ఉన్నాడనే చెప్పాంగా. ముంబైలో ఉన్నాడని."

"అదే కదా నాన్నా నేను అంటున్నది."

"పిల్ల రాత్రుళ్ళు ఏడుస్తూ నిద్రపోయేది కాదు. ఏదో ఒకటి చెప్పాలిగా. నువ్వు గోడకేసి తిరిగి పడుకునేదానివి. చెప్పింది నేను. ఊరికే చెప్పానా? నాకేమన్నా సరదానా?"

ఆయన చెప్పిన మొదటి అబద్ధాన్ని తరవాత సాకింది లహరే. హాసిని పుట్టినరోజుకు సుల్తాన్ బజార్‌లో బొమ్మ కొని, డాడీ ముంబై నుంచి పంపాడని తన చేతులతోనే ఇచ్చింది.

ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. బూట్లు పక్కన పెట్టుకుంది.

"ఏం చేస్తున్నావు?"

"కూర్చున్నాను. మీరు తీసేదాకా ఇక్కడే ఉంటాను. సాయంత్రం అయినా సరే."

కింద సందులో పాత సామాన్లు కొనేవాడు అరుస్తూ పోయాడు. పైన ఎవరో మంచం జరిపారు.

కోటేశ్వరమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. కూతుర్ని చూసింది, మొగుణ్ణి చూసింది. పిల్ల చెయ్యి వదిలి కుర్చీ దగ్గరికి వెళ్ళి, బుచ్చిబాబు లాల్చీ జేబులో చెయ్యి పెట్టి తాళంచెవి తీసింది.

ఆయన ఆమె చెయ్యి పట్టుకోలేదు. నమ్మలేనట్టు చూశాడంతే.

"కోటేశ్వరీ, ఏంటిది?"

"నిన్న అది నన్నడిగింది. ముంబైలో ఫోన్లుండవా అమ్మమ్మా అని" అందామె. "మీరు చెప్పిన మాటకు ఏడాదిన్నరగా నేను కాపలా కాస్తున్నాను. ఇంక నా వల్ల కాదండీ. లేవండి, కుర్చీ జరపండి."

ఆయన లేవలేదు. కుర్చీ మాత్రం కాస్త పక్కకు జరిగింది. కోటేశ్వరమ్మ తాళం తీసిన ఆ సందులోంచే తల్లీకూతుళ్ళిద్దరూ బయటికి వచ్చారు. హాసినిని మెట్ల మీద కూర్చోబెట్టి బూట్లు తొడిగింది లహరి.

---

అబిడ్స్‌లో ఆదివారం దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. జనం వంగి, గొంతుక్కూర్చుని వెతుక్కుంటున్నారు. హాసిని బొమ్మల పుస్తకాల గుట్ట దగ్గర ఆగింది. పక్కనే ఓ మూసిన షాపు మెట్టు ఖాళీగా ఉంది. లహరి కూతుర్ని దాని మీద కూర్చోబెట్టి తనూ కూర్చుంది.

తోటకు వెళ్ళాక చెబుదామని మొదట అనుకుంది, మళ్ళీ వద్దనుకుంది. అతని ముందు చెబితే పిల్ల ఎవరి ముఖం చూడాలో తెలియక నలిగిపోతుంది. ఇక్కడైతే తన ఒక్కదాని ముఖమే చూస్తుంది. ఎలా చూడాలనిపిస్తే అలా చూస్తుంది.

"హాసూ, పార్కులో డాడీ ఉంటాడు."

పిల్ల పుస్తకం మీంచి తలెత్తింది. "ముంబై నుంచి వచ్చాడా?"

"డాడీ ముంబై వెళ్ళలేదు. ఎప్పుడూ వెళ్ళలేదు. మొజంజాహీ మార్కెట్ వెనక నానమ్మ వాళ్ళింట్లోనే ఉన్నాడు."

"ఐస్‌క్రీమ్ షాపుల దగ్గరా?"

"ఆ."

"మనం అక్కడికి వెళ్ళాం కదా. మొన్న సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నాం."

"వెళ్ళాం."

హాసిని పుస్తకం మూసింది. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు కళ్ళు చిన్నవి చేసింది.

"మరి డాడీ మనింటికి ఎందుకు రాలేదు?"

"నేను రానివ్వలేదు."

"తాతయ్య రానివ్వలేదా?"

"తాతయ్య కాదు. నేను."

"బొమ్మ ఎవరు పంపారు?"

"నేనే కొన్నాను."

పిల్ల తన చేతిని అమ్మ చేతిలోంచి తీసేసుకుంది. విసురుగా కాదు, నెమ్మదిగా. తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఎడమ మోచెయ్యి పూర్తిగా సాగదు. ఆపరేషన్ తర్వాత అది కొంచెం వంగే ఉండిపోయింది.

"ఎందుకు అబద్ధం చెప్పావు?" అంది.

"నువ్వు ఏడుస్తావని. నిజం చెబితే నాకూ ఏడుపొస్తుందని. తప్పు చేశాను. ఇక నుంచి నువ్వేం అడిగినా నిజమే చెప్తాను."

హాసిని పుస్తకాన్ని తిరిగి గుట్ట మీద పెట్టేసి లేచింది. ఆటోలో అమ్మ పక్కన కాకుండా అంచుకు జరిగి కూర్చుంది. నాంపల్లి స్టేషన్ ముందు ఆటో చాలాసేపు ఆగింది. ఎదురుగా పెట్టెలు మోసుకుంటూ జనం, హారన్లు, పైన మెట్రో రైలు. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత చోటు ఉంది. లహరి దాన్ని పూడ్చడానికి జరగలేదు. పిల్లకు కోపంగా ఉండే హక్కుంది.

---

గేటు దాటి లోపలికి నడుస్తుంటే వెనక రోడ్డు చప్పుడు ఒక్కో అడుగుకూ సన్నబడింది. పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్ల కింద నీడ ఒత్తుగా పడి ఉంది. పొద్దుటి నడకకొచ్చిన పెద్దవాళ్ళు బెంచీల మీద చేరి ఉర్దూలో, తెలుగులో కబుర్లాడుకుంటున్నారు. మ్యూజియం వైపు పోయే దారిలో ఒకామె పల్లీలు అమ్ముతోంది. పచ్చిక మీద ఏదో కుటుంబం దుప్పటి పరిచి టిఫిన్ డబ్బాలు విప్పుతోంది. ఊరి మధ్యలో ఇంత నిశ్శబ్దం ఉందన్న సంగతి లహరి మరిచిపోయింది. పెళ్ళికి ముందు తనూ రవికిరణూ కూర్చున్నది కూడా ఈ తోటలోనే. చోటు ఏదైతే బాగుంటుందని కోర్టులో అడిగినప్పుడు ఇద్దరి నోటా ఒకే పేరు వచ్చింది. ఆ తరవాత ఇద్దరూ పక్కకు ముఖం తిప్పుకున్నారు.

రవికిరణ్ జూబ్లీహాలు కనబడే చోట చెట్టు కింద నిలబడి ఉన్నాడు. పక్కనే బెంచీ ఉన్నా కూర్చోలేదు. చిక్కిపోయాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతుల్లో ఏమీ లేదు. బొమ్మలూ చాక్లెట్లూ తేవద్దని లహరే చెప్పించింది.

వాళ్ళను చూడగానే ముందుకు రెండడుగులు వేసి ఆగాడు.

"వచ్చిన్రా" అన్నాడు.

"వచ్చాం" అంది లహరి.

హాసిని తల్లి వెనక్కి వెళ్ళలేదు. తండ్రి దగ్గరికీ వెళ్ళలేదు. ఇద్దరికీ సమానమైన దూరంలో నిలబడి అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. అతను పచ్చికలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పెద్దగైనవ్ బిడ్డా."

"నువ్వు ముంబైలో లేవంట కదా."

అతను లహరి వైపు చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు.

"లేను. ఈడనే ఉన్న."

"నా చెయ్యి చూడు." హాసిని వంగిన మోచేతిని ముందుకు చాపింది. "ఇంతే వస్తుంది. కుక్క అడ్డం వచ్చిందా ఆ రోజు?"

రవికిరణ్ ముఖంలో రక్తం లేనట్టయింది. ఏదైనా అడుగుతుందని సిద్ధపడి వచ్చి ఉంటాడు గానీ ఇది కాదు. లహరికి నోటిదాకా వచ్చింది, అవునమ్మా కుక్కే అని. ఇన్నాళ్ళూ ఇంట్లో పిల్లకు చెప్పిన మాట. పళ్ళ బిగువున ఆపుకుంది. అతను ఏం చెబుతాడో తనకూ వినాలనే ఉంది. ఏడాదిన్నరగా లాయర్లు మాట్లాడారు, పెద్దలు మాట్లాడారు. అతని నోటి నుంచి ఆ రోజు గురించి ఒక్క మాట రాలేదు.

"కుక్క రాలే" అన్నాడు చివరికి. "ఏం రాలే. నేను తాగిన. తాగి నిన్ను బండి మీద కూర్చోవెట్టుకున్న. మీ అమ్మ వద్దన్నది. ఇనలే. బ్రిడ్జి మీద నేనే పడగొట్టిన. నీ తప్పు లేదు, ఎవ్వరి తప్పు లేదు. నాదే."

"దెబ్బ నీకు తగల్లేదా?"

"గీసుకుపోయింది. అంతే."

హాసిని ఆ సంగతి గురించి బాగా ఆలోచించింది. "ఇప్పుడు కూడా తాగుతావా?"

"లేదు. ఆ దినం సంది ముట్టలే."

"రేపు?"

"రేపు కూడ ముట్టొద్దనే అనుకుంటున్న. పొద్దున లేచినప్పుడల్లా గట్లనే అనుకుంట."

పిల్ల తల ఊపింది. "అక్కడ ఉడతలున్నాయి, చూద్దామా" అంది. అతను లేచి నిలబడ్డాడు. చెయ్యి చాపలేదు. పిల్ల ముందు నడిచింది, అతను వెనక నడిచాడు.

లహరి బెంచీ మీద కూర్చుంది. వాళ్ళు చెట్టు మొదలు చుట్టూ తిరగడం, పల్లీలు కొని తెచ్చి వంగి చల్లడం, ఉడత వచ్చి ఒకటి నోట కరుచుకుని పారిపోవడం కనిపిస్తున్నాయి. మాటలు వినిపించడం లేదు. ఒకసారి హాసిని పెద్దగా నవ్వింది. ఇంట్లో అది ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

కాసేపటికి పిల్ల పచ్చికలో ఆడుకుంటున్న మిగతా పిల్లల దగ్గరికి పరుగెత్తింది. రవికిరణ్ వచ్చి బెంచీకి అవతలి చివర కూర్చున్నాడు.

"థ్యాంక్స్" అన్నాడు.

"నీ కోసం రాలేదు."

"తెలుసు." చేతులు నలుపుకున్నాడు. "లహరీ, ఒకటి అడగాలె. మా అమ్మకు పానం బాగలేదు. డయాలిసిస్ అయితుంది. హాసినిని చూడాలని ఒక్కటే కలవరిస్తుంది. ఈడికెళ్ళి మా ఇల్లెంత దూరం? జర తీస్కపోయి చూపించి, టైముకు తెచ్చి ఇస్త."

"కుదరదు."

"నువ్వు గూడ రా. నీ ఎదురుగనే ఉంటది."

"రవీ, ఈ గేటు లోపలే అనుకున్నాం. ఈ గేటు దాటి ఒక్క అడుగు కూడా ఒప్పుకోను."

"ముసలామె ఏం పాపం చేసింది?"

"ఏం చెయ్యలేదు. అత్తయ్యంటే నాకు కోపం లేదు. వచ్చే నెల ఆమెను నువ్వే ఇక్కడికి తీసుకురా. వీల్‌చైర్‌లో తెచ్చినా సరే, నేను వెళ్ళి గేటు దగ్గర నిలబడి లోపలికి తీసుకొస్తాను. పిల్లను మాత్రం బయటికి పంపను."

"వచ్చే నెల దాక ఉంటదో ఉండదో ఎవరికెరుక?" అతని గొంతు పెరిగింది. పక్క బెంచీలో పెద్దాయన తిరిగి చూశాడు. "మనిషివి కావా నువ్వు?"

లహరి గొంతు పెంచలేదు.

"నువ్వు ఆ రోజు ఇలాగే అన్నావు. ఎంత దూరం లహరీ, ఇట్ల పోయి అట్ల వస్తం అని. ముందు వద్దన్నాను, చివరికి సరేనన్నాను. నువ్వు చేసిన తప్పులో అది నా వాటా. మళ్ళీ సరేనను."

రవికిరణ్ చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. కోపం దిగడానికి చాలాసేపు పట్టింది. దిగిందో, లోపలికి పోయిందో ఆమెకు తెలియలేదు.

---

వెళ్ళాల్సిన వేళయింది. లహరి కూతుర్ని పిలిచింది. హాసిని వచ్చింది, చెమటతో, మోకాళ్ళకు పచ్చిక మరకలతో. రాగానే తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పేసింది.

"అదేంటి హాసూ, వెళ్ళాలి."

"నేను రాను. డాడీతో వెళ్తాను."

లహరి నిలబడిన చోటే ఉండిపోయింది.

"డాడీ నిజం చెప్పాడు. నువ్వు చెప్పలేదు. తాతయ్య, అమ్మమ్మ కూడా చెప్పలేదు. మీ అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలీదు." పిల్ల బూట్లు రెండూ విడిచి పక్కకు తోసింది.

రవికిరణ్ చటుక్కున వంగాడు. అతని కళ్ళలో మెరుపు లహరి చూసింది. "వస్తవా బిడ్డా? నానమ్మ గూడ ఎదురుచూస్తుంది, పోదమా మరి?"

"రవీ."

ఒక్క మాటే అంది. అతను ఆమె ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. నెమ్మదిగా బెంచీ మీద వెనక్కి వాలాడు.

"వద్దు బిడ్డా" అన్నాడు. ఆ రెండు మాటలు బయటికి రావడానికి అతనెంత కష్టపడ్డాడో మెడ నరాలు చెప్పాయి. "మీ అమ్మతోని పో."

లహరి కూతురి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నీకు కోపం రావడం న్యాయమే. ఇంకా అడగాల్సిందేమన్నా ఉంటే అడుగు. ఇక్కడే, ఇద్దరి ముందూ."

హాసిని గడ్డిపరక తెంపి వేలికి చుట్టుకుంది. "డాడీ మనింటికి వచ్చేస్తాడా?"

'చూద్దాంలే' అనే మాట నోటి చివర ఉంది. అంటే పిల్ల లేస్తుంది, బూట్లు తొడుక్కుంటుంది, మెడ చుట్టూ చేతులేస్తుంది కూడా. బెంచీ మీద రవికిరణ్ ఊపిరి బిగబట్టడం ఆమెకు వినిపించింది.

"రాడు" అంది లహరి. "నేనూ డాడీ కలిసి ఒకే ఇంట్లో ఉండం. అది మారదు. కానీ నెలకోసారి నిన్ను ఇక్కడికి తీసుకొస్తాను. వానొచ్చినా, ఎవరు వద్దన్నా తీసుకొస్తాను. అదీ మారదు."

పిల్ల ముఖం ముడుచుకుంది. కన్నీళ్ళు ఇప్పుడొచ్చాయి. తల్లి దగ్గరికి రాలేదు, తండ్రి దగ్గరికీ పోలేదు. తన మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చింది. ఇద్దరూ అలాగే కూర్చున్నారు. ఏడవనిచ్చారు. ఏడుపు అయ్యాక తనంతట తనే కుడికాలి బూటు తొడుక్కుంది. వంగిన మోచేత్తో రెండో దాని తాడు కట్టుకోలేక, అటూ ఇటూ చూసి, ఆ కాలు తల్లి వైపు చాపింది.

లహరి తాడు ముడి వేస్తుండగా పచ్చిక మీద ఒక నీడ పడింది.

"చాలా బాగుంది" అన్నాడు బుచ్చిబాబు.

ఎప్పుడొచ్చాడో, ఎక్కణ్ణుంచి చూస్తున్నాడో తెలియదు. ఆయాసపడుతున్నాడు. అదే లాల్చీ, కాళ్ళకు ఇంట్లో తొడుక్కునే స్లిప్పర్లు. రవికిరణ్ లేచి నిలబడ్డాడు.

"నమస్తే మామయ్యా."

బుచ్చిబాబు అతని వైపు చూడలేదు. అతను అక్కడ లేనట్టే కూతురితో మాట్లాడాడు.

"దాన్ని ఏడిపించడానికా ఇక్కడికి తెచ్చావు?"

"ఏడవాల్సిన ఏడుపే నాన్నా. ఆలస్యమైంది, అంతే."

"నాకు ఈ మాటలు వద్దు. నేను బతికుండగా ఈ మనిషి దీన్ని ముట్టుకోవడం చూడలేను. ఒక్కటే అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నీకు ఈ ఆదివారాలు కావాలా, మన ఇల్లు కావాలా?"

"మామయ్యా, గట్ల కాదు, నేను..." రవికిరణ్ ఏదో అనబోయాడు. లహరి అరచెయ్యి ఎత్తి ఆపింది. ఇది తను చెప్పాల్సిన జవాబు. తన తరఫున ఇంకొకరు మాట్లాడే రోజులు గడిచిపోవాలని కదా పొద్దున్నే నేల మీద కూర్చుంది.

ఆమె లేచి నిలబడింది. తండ్రి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అబిడ్స్ నుంచి ఇంత దూరం ఎండలో నడిచే వచ్చినట్టున్నాడు. ఆయనది పంతం కాదని, భయమని ఆమెకు తెలుసు. స్ట్రెచర్ పక్కన నడిచిన మనిషి ఇంకా అక్కడే నడుస్తున్నాడు. జాలేసింది. ఆ జాలితోనే ఇన్నాళ్ళూ ఆయన చెప్పిన ప్రతిదానికీ తలాడించింది.

"ఆదివారాలే కావాలి నాన్నా."

ఇంత సూటిగా చెబుతుందని ఆయన అనుకోలేదు. అడిగినందుకు అప్పుడే చింతిస్తున్నాడేమో, కానీ వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాదు.

"అయితే సరే" అన్నాడు.

"సరే" అంది లహరి.

కూతురికి చెయ్యి అందించింది. హాసిని తాతయ్యను, డాడీని, మళ్ళీ తాతయ్యను చూసింది. అమ్మ చెయ్యి పట్టుకోలేదు గానీ పక్కనే నడిచింది. వెనక చెట్టు కింద ఇద్దరు మగవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఒకే బెంచీకి అటూ ఇటూ నిలబడిపోయారు.

గేటు దగ్గరికి వస్తుంటే రోడ్డు చప్పుడు మళ్ళీ పెరిగింది.

"అమ్మా, మరి మనం ఇవాళ ఎక్కడ పడుకుంటాం?"

నిజమే చెప్తానని మాటిచ్చింది.

"ఇంకా తెలీదు హాసూ."

పిల్ల నడుస్తూనే ఆ జవాబును తూచింది. ఈసారి తనే చెయ్యి పైకెత్తి అమ్మ వేళ్ళు పట్టుకుంది.

గేటు బయట ఒక పక్క నాంపల్లి స్టేషన్, దాని అవతల అబిడ్స్, ఇల్లు. ఇంకో పక్క అసెంబ్లీ, లకడీకాపూల్. ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ముందు ఆగుతున్నాయి. ఎక్కడికమ్మా అని మొదటి ఆటో అతను అడిగాడు.

లహరి పిల్లను ముందు ఎక్కించి, తనూ ఎక్కి కూర్చుంది.

"ముందు పోనీయండి" అంది. "చెప్తాను."